ఖనిజం తేలాలంటే పైపొర మారాలి: ఫ్లోటేషన్‌లో ఉపరితల శుద్ధి పాత్ర

సంక్షిప్తంగా: నురుగు తేలింపు (ఫ్లోటేషన్) పద్ధతిలో ఏ ఖనిజ రేణువు తేలుతుందో, ఏది మునుగుతుందో నిర్ణయించేది రేణువు లోపలి పదార్థం కంటే దాని మీద ఉన్న అతి పలుచని పొర. ఆ పొరను కడగడం, మార్చడం, కప్పడం అనే మూడు పనులతోనే సీసం నుంచి జింకు, డోలమైటు రాయి నుంచి రాగి ఖనిజం విడివడుతున్నాయి. తక్కువ గ్రేడు (లోహం శాతం తక్కువ ఉన్న) ఖనిజం మీద ఆధారపడక తప్పని ఈ రోజుల్లో, కొత్త రసాయనాల మీద ఉన్నంత శ్రద్ధ రాయిని పొడిచేసే దశలో ఉపరితలం చెడకుండా చూడటం మీద ఉండటం లేదు.

ఒక శాతం రాగి కోసం

మధ్యప్రదేశ్‌లోని బాలాఘాట్ జిల్లా మలంజ్‌ఖండ్‌లో హిందుస్థాన్ కాపర్ తవ్వుతున్న ముడి ఖనిజంలో రాగి సుమారు ఒక శాతం మాత్రమే. వంద టన్నుల రాయి తవ్వితే ఒక టన్ను రాగి. ఆ రాయినంతా కొలిమిలో వేసి కరిగిస్తే ఇంధనం ఖర్చు గిట్టదు. అందుకే ముందు రాగి ఖనిజపు రేణువులను రాతిపొడి నుంచి విడదీసి, 20 నుంచి 30 శాతం రాగి ఉండే కాన్సంట్రేట్‌గా మార్చి, ఆ తర్వాతే స్మెల్టర్‌కు పంపుతారు. ఈ విడదీసే పనిని ప్రపంచంలో ఎక్కువ భాగం గనులు ఫ్లోటేషన్‌తోనే చేస్తున్నాయి.

కేంద్ర ప్రభుత్వం 2023లో ప్రకటించిన 30 కీలక ఖనిజాల జాబితాలో రాగి, నికెల్, గ్రాఫైటు ఉన్నాయి. 2025 జనవరిలో జాతీయ కీలక ఖనిజాల మిషన్‌కు కేబినెట్ ఆమోదం లభించింది. అప్పటి నుంచి పాత గనుల వ్యర్థాల్లోనూ, పనికిరాదని పక్కన పోసిన తక్కువ గ్రేడు రాళ్లలోనూ ఎంత లోహం దాగి ఉందన్న లెక్కలు తరచుగా వినిపిస్తున్నాయి. లోహం ఉండటం ఒకటి, అది చేతికి రావడం మరొకటి. ఈ రెండింటి మధ్య ఉన్న అడ్డంకుల్లో రేణువు ఉపరితలం పెద్దది.

పద్ధతి చూడటానికి సులువుగానే ఉంటుంది. రాయిని బాల్ మిల్లులో మెత్తగా ఆడించి, నీటితో కలిపి స్లర్రీగా చేసి, కొన్ని రసాయనాలు చేర్చి, పెద్ద తొట్లలో అడుగు నుంచి గాలి బుడగలు వదులుతారు. నీటిని అంటనివ్వని రేణువులు బుడగలకు అతుక్కుని పైకి తేలి నురుగులో చేరతాయి, నీటిలో తడిసే రేణువులు అడుగున ఉండిపోయి టెయిలింగ్స్‌గా బయటికి పోతాయి. తామరాకు మీద నీటిబొట్టు నిలిచే తీరులో, నీరు పరుచుకోలేని ఉపరితలం మీదే గాలి బుడగ స్థిరంగా నిలవగలదు. గ్రాఫైటు, టాల్కు, మాలిబ్డినైటు వంటి కొద్ది ఖనిజాలకు మాత్రమే ఈ గుణం పుట్టుకతో ఉంటుంది. మిగిలిన వాటికి దాన్ని కల్పించాలి. బరువుకు ఇక్కడ పెద్దగా పాత్ర లేదు. నీటికి ఏడున్నర రెట్ల సాంద్రత ఉన్న సీసపు ఖనిజం గెలీనా తేలుతుంది, రెండున్నర రెట్లకు కాస్త మించిన క్వార్ట్జ్ మునుగుతుంది.

ఒక టన్ను పొడిలో ఏడెకరాల ఉపరితలం

రాగి ఖనిజం చాల్కోపైరైటు సాంద్రత నీటికి సుమారు నాలుగు రెట్లు. ఒక టన్ను చాల్కోపైరైటును 50 మైక్రాన్ల (మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు) గుండ్రటి రేణువులుగా పొడిచేస్తే వాటి మొత్తం ఉపరితలం దాదాపు 30,000 చదరపు మీటర్లు, అంటే ఏడెకరాల పైచిలుకు వస్తుంది. అదే టన్నును 5 మైక్రాన్లకు మెత్తగా చేస్తే పదింతలు పెరిగి 74 ఎకరాలవుతుంది. సల్ఫైడ్ ఖనిజాలను తేలించడానికి ఎక్కువగా వాడే జాంథేట్ అనే కలెక్టర్ (రేణువుకు అతుక్కుని దానికి నీరు అంటకుండా చేసే) రసాయనం అణువు ఒక్కొక్కటి ఉపరితలం మీద సుమారు 0.3 చదరపు నానోమీటర్ల చోటు తీసుకుంటుంది. ఈ లెక్కన 50 మైక్రాన్ల పొడి మొత్తాన్ని ఒక్క అణువు మందాన కప్పడానికి టన్నుకు 28 గ్రాముల జాంథేట్ సరిపోతుంది. 5 మైక్రాన్ల పొడికి 280 గ్రాములు కావాలి.

ఒక శాతం రాగి ఉన్న ముడి ఖనిజం టన్నులో చాల్కోపైరైటు 29 కిలోలు మించదు. దానికి కావలసిన జాంథేట్ ఒక గ్రాము లోపే. ప్లాంట్లలో మాత్రం టన్ను ముడి ఖనిజానికి పదుల గ్రాములు వాడతారు. మిగిలినదంతా ఎక్కడికి పోతోందన్న ప్రశ్న దగ్గరే అసలు కథ మొదలవుతుంది. కొంత పైరైటు అనే ఇనుము సల్ఫైడ్ మీదికి పోతుంది, కొంత నీటిలో కరిగి ఉన్న లోహ అయాన్లతో కలిసి అవక్షేపమవుతుంది, కొంత విచ్ఛిన్నమవుతుంది, కొంత అతి మెత్తటి బురద రేణువుల మీద వృథా అవుతుంది. రాబడి (ముడి ఖనిజంలోని లోహంలో చేతికి వచ్చే వాటా) తగ్గినప్పుడల్లా కలెక్టర్ మోతాదు పెంచడం ప్లాంట్లలో అందరికీ అలవాటైన మందు. కలెక్టర్‌కు దారి మూసేస్తున్న పొర ఏదో తెలుసుకోకుండా మోతాదు పెంచితే కోరుకున్న ఖనిజం కంటే పైరైటే ముందు తేలుతుంది. కాన్సంట్రేట్ గ్రేడు పడిపోతుంది.

జాంథేట్ అణువుకు ఒక కొస సల్ఫర్ ఉన్న తల, మరో కొస నూనె స్వభావం గల తోక. తల ఖనిజం మీది లోహ పరమాణువును పట్టుకుంటే తోక నీటివైపు నిలిచి నీటిని దూరంగా ఉంచుతుంది. గెలీనా మీద సీసపు జాంథేట్ ఏర్పడుతుంది. పైరైటు మీద ఆక్సిజన్ సాయంతో రెండు జాంథేట్ అణువులు జతకట్టి డైజాంథోజెన్ అనే నూనె పదార్థమవుతాయి. రెండు చోట్లా ఫలితం తేలడమే అయినా దారి వేరు కాబట్టి, ఒకదాన్ని ఆపి మరొకదాన్ని తేలించే అవకాశం మిగిలింది.

బ్రోకెన్ హిల్ పాఠం

ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్‌లో 1883లో బయటపడిన సీసం, జింకు, వెండి నిక్షేపం ఈ పద్ధతికి పుట్టిల్లు అనవచ్చు. బరువు తేడా ఆధారంగా సీసాన్ని తీసుకున్నాక జింకు మిగిలిన వ్యర్థం గుట్టలుగా పేరుకుపోయింది. మెల్‌బోర్న్‌లో బీరు తయారుచేసే చార్లెస్ పాటర్, బ్రోకెన్ హిల్ ప్రొప్రైటరీ కంపెనీ జనరల్ మేనేజర్ డెల్‌ప్రాట్ 1900 తర్వాతి తొలి ఏళ్లలో ఆ గుట్టల పొడిని వేడి ఆమ్ల ద్రావణంలో వేసి సల్ఫైడ్లను తేలించారు. ఆమ్లం రెండు పనులు చేసింది. కార్బొనేట్ రాళ్లతో కలిసి కార్బన్ డయాక్సైడ్ బుడగలు పుట్టించింది, సల్ఫైడ్ రేణువుల మీది ఆక్సైడ్ పొరను కడిగేసింది. ఉపరితల శుద్ధి అన్న పేరు లేకపోయినా జరిగింది అదే.

అయితే ఇందులో సీసం, జింకు కలిసే తేలేవి. 1912లో అక్కడి జింక్ కార్పొరేషన్ కంపెనీలో లిస్టర్ అనే ఆయన సీసాన్ని ముందుగా విడిగా తేలించగలిగాడు. దాదాపు అదే కాలంలో బ్రాడ్‌ఫర్డ్, స్లర్రీలో కాపర్ సల్ఫేట్ వేస్తే తేలకుండా మొరాయించే జింకు ఖనిజం తేలుతుందని చూపాడు. 1922లో అమెరికాలో షెరిడాన్, గ్రిజ్‌వోల్డ్ ఇద్దరూ సయనైడ్, జింక్ సల్ఫేట్ కలిపి జింకు ఖనిజాన్ని అడుగునే ఆపి ఉంచే పద్ధతికి పేటెంట్ తీసుకున్నారు. 1925లో కెల్లర్ జాంథేట్ పేటెంట్ వచ్చింది. అంతవరకు నూనెలు కిలోల లెక్కన వాడిన చోట గ్రాములు సరిపోయాయి. 1930లలో మెల్‌బోర్న్‌లో ఇయాన్ వార్క్, ఆయన సహచరులు ఖనిజపు నున్నటి ముఖం మీద బుడగ ఏ కోణంలో నిలుస్తుందో కొలిచి, ఏ పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి) దగ్గర, ఎంత సయనైడ్ దగ్గర ఏ ఖనిజం తేలడం ఆగిపోతుందో రేఖాచిత్రాలు గీశారు. అప్పటివరకు అనుభవం మీదే సాగిన పనికి కొలత వచ్చింది ఆ దశాబ్దంలోనే. నేటి ప్లాంట్లలోని రసాయనాల జాబితా చూస్తే, యంత్రాలు మారినంతగా ఈ రసాయనాల కూర్పు మారలేదని తెలుస్తుంది.

సీసం ముందు, జింకు తర్వాత

రాజస్థాన్‌లోని భిల్వాడా జిల్లా రాంపురా ఆగూచా గనిలో సీసం, జింకు, ఇనుము సల్ఫైడ్లతో పాటు గ్రాఫైటు కూడా కలిసి ఉంటుంది. విశాఖపట్నంలో 1977లో మొదలై ఇప్పుడు మూతపడిన హిందుస్థాన్ జింక్ స్మెల్టర్ వంటివి నడవాలంటే సీసం ఒక కాన్సంట్రేట్‌లోకి, జింకు మరొక కాన్సంట్రేట్‌లోకి విడిగా రావాలి. సీసం కాన్సంట్రేట్‌లోకి పోయిన జింకు జింకు స్మెల్టర్‌కు అందదు, పైగా సీసం కొలిమికి భారమవుతుంది.

జింకు ఖనిజం స్ఫాలరైటుకు జాంథేట్ సరిగా అతుక్కోదు. జింకు జాంథేట్ నీటిలో కాస్త ఎక్కువగా కరగడం దీనికి ఒక కారణం. కాపర్ సల్ఫేట్ చేరిస్తే స్ఫాలరైటు పైపొరలోని జింకు అయాను ఒకటి నీటిలోకి పోయి దాని చోట రాగి అయాను ఒకటి కూర్చుంటుంది. కొన్ని నిమిషాల్లో ఆ రేణువు బయటికి రాగి సల్ఫైడ్‌లా ప్రవర్తించడం మొదలుపెడుతుంది. లోపల అంతా జింకే. ఆ పలుచని రాగి పొరను జాంథేట్ గట్టిగా పట్టుకుంటుంది.

చిక్కు ఏమిటంటే ఇదే మార్పు ఎవరూ కోరకుండానే జరగగలదు. ముడి ఖనిజంలో కాస్త ఆక్సీకరణ చెందిన రాగి, సీసం ఖనిజాలు ఉన్నా, తిరిగి వాడే నీటిలో రాగి అయాన్లు మిగిలి ఉన్నా, సీసం తేలించే దశలోనే స్ఫాలరైటు కూడా లేచి సీసం కాన్సంట్రేట్‌లో కలుస్తుంది. సయనైడ్ అక్కడ చేసే పని ఈ రాగిని ఉపరితలం నుంచి లాగి కరిగే సంక్లిష్ట సమ్మేళనంగా మార్చడం. జింక్ సల్ఫేట్ క్షార మాధ్యమంలో జింక్ హైడ్రాక్సైడ్‌గా మారి రేణువును నీటికి అనుకూలంగా కప్పుతుంది. సీసం తీసేశాక సున్నంతో పీహెచ్ పెంచి పైరైటును అణిచి, అప్పుడు కాపర్ సల్ఫేట్ వేసి స్ఫాలరైటును మేల్కొలుపుతారు. ఒకే రేణువును ముందు నిద్రపుచ్చి తర్వాత లేపడం మీద ఈ క్రమమంతా నడుస్తుంది.

రాంపురా ఆగూచాలో గ్రాఫైటు మరో తలనొప్పి. ఏ రసాయనమూ లేకుండానే అది తేలి కలెక్టర్‌ను పీల్చేసి సీసం నురుగును నల్లబరుస్తుంది. దాని మీదికి నీరు అంటేలా చేయడానికి అక్కడ నిగ్రోసిన్ అనే రంగు పదార్థాన్ని వాడిన అనుభవం ఉంది. గ్రాఫైటు కోసమే తవ్వే గనిలో ఇదే గుణం వరం, సీసం గనిలో శాపం.

పచ్చ రాయికి సల్ఫైడ్ పూత: కొల్వేజీ ఉదాహరణ

ఉపరితల శుద్ధి ఎందుకు అనివార్యమో బాగా తెలిసేది ఆక్సీకరణ చెందిన రాగి ఖనిజాల దగ్గర. భూమి పైపొరల్లో గాలి, వాన తగిలిన రాగి సల్ఫైడ్ మలకైటు అనే పచ్చ కార్బొనేట్‌గా మారుతుంది. శుద్ధ మలకైటులో రాగి 57 శాతానికి పైనే ఉంటుంది, చాల్కోపైరైటులోని 34.6 శాతం కంటే చాలా ఎక్కువ. అయినా సాధారణ పద్ధతిలో అది టెయిలింగ్స్‌లోకే పోతుంది. మలకైటు ఉపరితలం నీటిని ఇష్టపడుతుంది. జాంథేట్ వేస్తే మలకైటు నుంచి కరిగిన రాగితోనే నీటిలో కలిసి అవక్షేపంగా రాలిపోతుంది. రేణువు మీద ఏర్పడిన రాగి జాంథేట్ కూడా గట్టిగా నిలవక ఒరిపిడికి ఊడిపోతుంది.

కాంగోలోని కటాంగా ప్రాంతం కొల్వేజీ కాన్సంట్రేటర్‌లో దీనికి రెండు దారులు నడిచాయి. రాగి క్వార్ట్జ్ వంటి సిలికా రాళ్లలో ఉన్నప్పుడు అక్కడ దొరికే పామ్ ఆయిల్‌నే గ్యాస్ ఆయిల్‌తో కలిపి కలెక్టర్‌గా వాడారు. పామ్ ఆయిల్‌లోని కొవ్వు ఆమ్లాలు మలకైటును పట్టుకుంటాయి, సిలికాను పట్టుకోవు. రాగి డోలమైటులో ఉన్నప్పుడు ఈ ఉపాయం చెల్లదు. డోలమైటు కూడా కార్బొనేటే కనుక కొవ్వు ఆమ్లాలు రాగి ఖనిజాన్ని, వ్యర్థ శిలను కలిపి తేలుస్తాయి. అక్కడ సల్ఫైడీకరణ, అంటే రేణువు మీద సల్ఫైడ్ పూత వేయడం, ఒక్కటే దారి అయింది. చవకైన స్థానిక నూనె దగ్గర ఉన్నా, ఖరీదైన రసాయనం వైపు వెళ్లాల్సి వచ్చింది. ఒకే గనిలో, ఒకే రాగి ఖనిజానికి, చుట్టూ ఉన్న రాయి మారినందువల్ల చికిత్స మారింది. ప్రయోగశాలలో శుద్ధ మలకైటు మీద వచ్చిన ఫలితాన్ని గనికి నేరుగా అన్వయించే వ్యాసాలు సాధారణంగా దాటవేసే విషయం ఇది.

సల్ఫైడీకరణలో స్లర్రీకి సోడియం సల్ఫైడ్ లేదా సోడియం హైడ్రోసల్ఫైడ్ చేరుస్తారు. నీటిలో విడుదలైన హైడ్రోసల్ఫైడ్ అయాన్లు మలకైటు పైపొరలోని కార్బొనేటు, హైడ్రాక్సిల్ సమూహాలను తోసి వాటి చోటు ఆక్రమిస్తాయి. పచ్చని పొడి ముందు గోధుమ రంగుకు, తర్వాత నలుపుకు తిరుగుతుంది. బయటి పొర ఇప్పుడు రాగి సల్ఫైడ్, అంటే జాంథేట్‌కు బాగా పరిచయమైన ఉపరితలం. కొందరు తోడుగా అమ్మోనియం సల్ఫేట్ చేరుస్తారు. అది ఈ మార్పును వేగవంతం చేసి, మిగిలిపోయిన సల్ఫైడ్ హానిని తగ్గిస్తుంది. ఆక్సీకరణ చెందిన సీసపు ఖనిజం సెరుసైటుకు కూడా ఇదే పద్ధతి పనిచేస్తుంది. రాగి సిలికేట్ అయిన క్రిసోకొల్లా మాత్రం దీనికి లొంగదు. దానికి స్థిరమైన స్ఫటిక నిర్మాణం లేదు, లోపలంతా సూక్ష్మ రంధ్రాలూ నీరూ, అందువల్ల పూత సమంగా పడదు. క్రిసోకొల్లా ఎక్కువగా ఉన్న ఖనిజానికి ఫ్లోటేషన్ కంటే ఆమ్లంలో కరిగించి రాగి తీయడమే మేలు.

తక్కువైనా చేటే, ఎక్కువైనా చేటే

సల్ఫైడ్ మోతాదు దగ్గర పొరపాటుకు చోటు చాలా తక్కువ. చాలకపోతే పూత అక్కడక్కడే పడుతుంది. ఎక్కువైతే నీటిలో మిగిలిన హైడ్రోసల్ఫైడ్ అయాన్లు జాంథేట్‌తో పోటీపడి రేణువు మీద చోటు ఆక్రమిస్తాయి, ఆక్సిజన్‌ను తినేస్తాయి, చివరికి మలకైటే కాదు దానితో ఉన్న సహజ సల్ఫైడ్లు కూడా తేలడం మానేస్తాయి. తేలడానికి వేసిన మందే తేలకుండా ఆపుతుంది. ఒక్కసారి కుమ్మరించకుండా వరుసగా నాలుగైదు తొట్లలో కొద్దికొద్దిగా వేయడం అందుకే ఆచారమైంది.

సల్ఫైడ్ అయానుకు స్పందించే ఎలక్ట్రోడ్‌ను స్లర్రీలో ఉంచి, దాని రీడింగ్ సుమారు మైనస్ 500 మిల్లీవోల్టుల దగ్గర నిలిచేలా రసాయనాన్ని అందించే పద్ధతి 1970ల నుంచి ప్రచారంలోకి వచ్చింది. ఇక్కడ గమనించాల్సిందేమిటంటే టన్నుకు ఇన్ని గ్రాములు అనే స్థిరమైన మోతాదు మీద నడిచే ప్లాంటుకు, ఎలక్ట్రోడ్ చెప్పినట్టు నడిచే ప్లాంటుకు రసాయనం ఒకటే, ఫలితం వేరు. గని నుంచి వచ్చే రాయిలో ఆక్సీకరణ చెందిన భాగం పూట పూటకూ మారుతుంటే నిన్నటి మోతాదు నేటికి సరిపోదు. స్లర్రీకి రసాయనాలు పట్టించే కండిషనింగ్ ట్యాంకులో కలిపే సమయం, వేగం కూడా లెక్కలోకి వస్తాయి. ఎక్కువసేపు బలంగా చిలికితే కొత్తగా పడిన పూత రాపిడికి ఊడి సన్నటి రాగి సల్ఫైడ్ ధూళిగా మారి, తానే జాంథేట్‌ను మింగేస్తుంది.

భద్రత దీనితో ముడిపడిన అంశమే. పీహెచ్ 7 దగ్గర హైడ్రోసల్ఫైడ్‌లో సగం హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు రూపంలో ఉంటుంది, పీహెచ్ ఇంకా తగ్గితే దాదాపు అంతా వాయువే. కుళ్లిన గుడ్డు వాసన మొదట హెచ్చరిస్తుంది గాని గాఢత పెరిగాక ముక్కు ఆ వాసనను పట్టే శక్తినే కోల్పోతుంది. కాబట్టి స్లర్రీని క్షార స్థితిలో ఉంచడం, వాయువును పసిగట్టే పరికరాలు అమర్చడం ఈ పద్ధతిలో ఐచ్ఛికం కాదు.

మిల్లులోనే మొదలయ్యే నష్టం

ఉపరితల శుద్ధి అనగానే కండిషనింగ్ ట్యాంకు గుర్తొస్తుంది కాని, ఉపరితలం పుట్టేది మిల్లులో. రాయి పగిలిన క్షణంలో రేణువు ముఖం తాజాగా ఉంటుంది. అదే క్షణంలో ఉక్కు బంతులు దాన్ని తాకుతాయి. ఉక్కు, సల్ఫైడ్ ఖనిజం, నీరు కలిసినచోట చిన్న విద్యుత్ ఘటం ఏర్పడుతుంది. ఉక్కు తుప్పుపడుతుంది, ఖనిజం ముఖం మీద ఆక్సిజన్ క్షయకరణ చెంది హైడ్రాక్సైడ్ అయాన్లు పుడతాయి, కరిగిన ఇనుము ఐరన్ హైడ్రాక్సైడ్‌గా ఆ ముఖానికే అంటుకుంటుంది. గెలీనా, చాల్కోపైరైటు వంటివి ఇలా మిల్లు దాటకముందే తుప్పు ముసుగు వేసుకుంటాయి. మెత్తగా ఆడించేకొద్దీ ఈ ముసుగు ఎక్కువవుతుంది.

మెత్తగా ఆడించక తప్పని గనులు ఉన్నాయి. ఆస్ట్రేలియాలోని మెకార్థర్ రివర్ సీసం, జింకు నిక్షేపం 1950లలోనే తెలిసినా 1995 వరకు గని కాలేదు. ఖనిజాలు అంత సన్నగా పెనవేసుకుని ఉన్నందున రేణువుల్లో 80 శాతం 7 మైక్రాన్ల లోపుకు వస్తే గాని విడివడవు. ఐసామిల్లు అనే కొత్త రకం మిల్లుతో అది సాధ్యమైంది. ఆ మిల్లులో ఉక్కు బంతులకు బదులు ఇసుక, స్లాగు, పింగాణీ గుళ్లు వంటి జడ పదార్థాలు వాడగలగడం విద్యుత్ ఆదాతో పాటు ఉపరితలం శుభ్రంగా ఉండటానికీ తోడ్పడింది. సాధారణ మిల్లుల్లోనూ మామూలు ఉక్కు స్థానంలో క్రోమియం ఎక్కువగా ఉన్న బంతులు వేస్తే ఇనుము కరగడం తగ్గుతుంది. బంతులు మార్చడం కొత్త రసాయనం కనిపెట్టినంత ఆకర్షణీయంగా ఉండదు, పరిశోధన పత్రికల్లో చోటూ తక్కువే. కాని చాలా ప్లాంట్లకు ముందుగా పరిశీలించాల్సింది ఇదే.

రెండో శత్రువు బురద. పది మైక్రాన్ల లోపు మట్టి రేణువులను స్లైమ్స్ అంటారు. అవి విలువైన రేణువు మీద పొరలా అతుక్కుంటే దాని అసలు ముఖం కలెక్టర్‌కు కనిపించదు. అతుక్కోవడానికి కారణం విద్యుదావేశం. పశ్చిమ ఆస్ట్రేలియాలోని నికెల్ గనుల్లో పీహెచ్ 9 దగ్గర నికెల్ ఖనిజం పెంట్లండైటు రుణావేశంతోనూ, దానితో ఉండే వ్యర్థ ఖనిజం సర్పెంటైను ధనావేశంతోనూ ఉంటాయి కాబట్టి రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ అనే రసాయనం చేరిస్తే సర్పెంటైను ఆవేశం రుణంగా మారి రెండూ విడిపోతాయి. ఇతర చోట్ల సోడియం సిలికేట్ ఈ పని చేస్తుంది. రసాయనం లేకుండా చిక్కటి స్లర్రీలో రేణువులను ఒకదానితో ఒకటి బలంగా రాపాడించే యాట్రిషన్ స్క్రబ్బింగ్ కూడా ఉంది. బురదను ముందే వేరుచేసి పారబోయడం అన్నిటికన్నా సులువు, కాకపోతే ఆ బురదతో పాటు మెత్తటి లోహమూ పోతుంది.

ఇనుప ఖనిజంలో లెక్క తలకిందులవుతుంది. అక్కడ తేలించేది వ్యర్థమైన సిలికాను. కాస్టిక్ సోడాతో ఉడికించిన మొక్కజొన్న గంజి ఇనుప ఖనిజం హెమటైటు మీద పూతలా పట్టి దాన్ని అడుగున నిలుపుతుంది, అమీన్ అనే కలెక్టర్ సిలికాను పైకి తెస్తుంది. బ్రెజిల్ గనుల్లో ఇది మామూలు పద్ధతి. భారతీయ ఇనుప ఖనిజాల్లో సిలికా కంటే అల్యూమినా ఉన్న మట్టే పెద్ద బెడద కావడం వల్ల అదే వంటకం ఇక్కడ అంత సులువుగా కుదరడం లేదు.

ప్రయోగశాల నుంచి ప్లాంటు దాకా

అల్ట్రాసౌండ్‌తో రేణువులను కడగడం, మైక్రోవేవ్‌తో వేడిచేయడం, ప్లాస్మాతో పైపొరను ఆక్సీకరించడం, కంటికి కనిపించని నానో బుడగలను ముందుగా రేణువు మీద మొలిపించడం వంటి పద్ధతుల మీద పరిశోధన విస్తారంగా సాగుతోంది. వీటి వెనుక ఉన్న తర్కం సరైనదే. అల్ట్రాసౌండ్ పుట్టించే సూక్ష్మ బుడగలు పగిలినప్పుడు బురద, తుప్పు పొరలు నిజంగానే ఊడతాయి. ప్లాస్మా లేదా వేడి వల్ల ఒక ఖనిజం ఆక్సీకరణ చెంది, పక్కనున్నది చెందకపోతే రెండింటి మధ్య తేడా పెరుగుతుంది.

కాని పరిమాణం లెక్క వేస్తే చిత్రం మారుతుంది. రాయిని పొడిచేయడానికే టన్నుకు 10 నుంచి 20 యూనిట్ల కరెంటు సాధారణంగా ఖర్చవుతుంది. రోజుకు 10,000 టన్నులు ఆడించే ప్లాంటులో అదనపు శుద్ధికి టన్నుకు ఒక్క యూనిట్ పట్టినా రోజుకు 10,000 యూనిట్లు. అదే ప్లాంటులో ఒక శాతం గ్రేడు ఉన్న రాగి రాబడిని ఒక్క శాతం పెంచగలిగితే రోజుకు ఒక టన్ను రాగి అదనంగా వస్తుంది. టన్నుకు ఒకటి రెండు యూనిట్లతో పని అయితే లాభమే, పదుల యూనిట్లు కావాలంటే ముడి ఖనిజం మొత్తానికి అది గిట్టదు. అందువల్ల ఈ పద్ధతులు నిలబడే చోటు ముడి స్లర్రీ కంటే, పరిమాణం బాగా తగ్గిపోయిన మధ్య దశ కాన్సంట్రేట్ దగ్గరే అని అంచనా వేయవచ్చు. గాజు బీకరులో వచ్చిన రాబడి శాతాన్ని మాత్రమే చెప్పి, టన్నుకు ఎంత శక్తి పట్టిందో చెప్పని ఫలితానికి గనిలో విలువ లేదు.

కొత్త రసాయనాల్లో హైడ్రాక్సమేట్లు గట్టిగా నిలిచాయి. ఇవి లోహాన్ని రెండు ఆక్సిజన్ పరమాణువులతో చుట్టి పట్టుకుంటాయి కాబట్టి సల్ఫైడ్ పూత లేకుండానే మలకైటు వంటి ఆక్సైడ్ ఖనిజాలను, విరళ మృత్తిక ఖనిజాలను తేలించగలవు. ధర జాంథేట్ కంటే చాలా ఎక్కువ. అందుచేత లోహం విలువ ఎక్కువగా ఉన్నచోట, లేదా సల్ఫైడీకరణతో తోడుగా కొద్ది మోతాదులో వాడుక సాగుతోంది.

నీరు, వ్యర్థాలు

ఉపరితలాన్ని మార్చడానికి వేసిన ప్రతి రసాయనం ఎంతో కొంత నీటిలో మిగులుతుంది. జాంథేట్ నెమ్మదిగా విచ్ఛిన్నమై కార్బన్ డైసల్ఫైడ్ అనే విష పదార్థాన్ని విడుదల చేస్తుంది. సల్ఫైడ్ ఆక్సీకరణ చెంది థయోసల్ఫేట్ అవుతుంది. నీటి కొరత వల్ల, నియమాల వల్ల టెయిలింగ్స్ చెరువు నీటినే మళ్లీ ప్లాంటుకు తెచ్చుకోవడం పెరిగింది. తిరిగి వచ్చిన నీటిలో కాల్షియం, రాగి అయాన్లు, పాత కలెక్టర్ అన్నీ ఉంటాయి. అణచాల్సిన రేణువును అవే లేపుతాయి, లేపాల్సిన దాన్ని కప్పుతాయి. నీటి ఆదా, ఖనిజ విభజన ఇలా ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి. సయనైడ్‌కు బదులు సల్ఫైటు, మెటాబైసల్ఫైటు వంటివి వాడే గనులు పెరగడానికి పర్యావరణ ఒత్తిడి ఒక ముఖ్య కారణం. అణచే శక్తిలో అవి సయనైడ్‌కు అన్ని చోట్లా సాటి రావు, పీహెచ్, గాలి సరఫరా మీద మరింత పట్టు అవసరమవుతుంది.

పూత తీయడం కూడా పనే అయ్యే సందర్భం ఒకటుంది. రైల్వేకోడూరు దగ్గరి మంగంపేట బెరైటు నిక్షేపం ప్రపంచంలోని అతి పెద్ద వాటిలో ఒకటి. అక్కడ పై గ్రేడు రాయి నేరుగా అమ్ముడుపోతుంది, సిలికా కలిసిన తక్కువ గ్రేడు రాయి గుట్టలుగా మిగులుతుంది. బెరైటును ఫ్లోటేషన్‌తో శుద్ధి చేయడం సాంకేతికంగా సాధ్యమే. అయితే దాని ప్రధాన వాడకం చమురు బావులు తవ్వేటప్పుడు బరువు కోసం వాడే డ్రిల్లింగ్ మడ్డిలో. ఫ్లోటేషన్‌లో రేణువు మీద మిగిలిన కలెక్టర్ ఆ మడ్డిలో నురుగు పుట్టిస్తుంది, రేణువులు నీటిలో సరిగా కలవనివ్వదు. కాన్సంట్రేట్‌ను వేడిచేసి ఆ పూతను కాల్చేస్తే గాని సరుకు పనికిరాదు. తేలించడానికి పెట్టిన ఖర్చుకు ఈ వేడి ఖర్చు తోడవుతుంది.

పాత టెయిలింగ్స్ నుంచి లోహం తీస్తామనే ప్రతిపాదనలను చూసేటప్పుడు కూడా ఇదే కోణం ఉపయోగపడుతుంది. ఏళ్ల తరబడి ఎండకు, వానకు ఉన్న గుట్టలో రేణువు లోపల సల్ఫైడ్ అలాగే ఉన్నా బయటి పొర సల్ఫేటు, హైడ్రాక్సైడులతో కప్పబడి ఉంటుంది, పాత కలెక్టర్ జాడ కూడా ఉండవచ్చు. రసాయన విశ్లేషణలో రాగి ఎంత శాతం అన్నది మాత్రమే తెలుస్తుంది. అందులో సల్ఫైడ్‌గా ఉన్నది ఎంత, ఆమ్లంలో కరిగే ఆక్సైడ్‌గా మారినది ఎంత అన్న విడి లెక్క ఉండాలి. మళ్లీ ఆడించి తాజా ముఖం తెస్తే సరిపోతుందా, సల్ఫైడీకరణ కావాలా, లేక ఫ్లోటేషన్‌ను వదిలి ఆమ్లంతో కరిగించాలా అన్నది ఆ రెండో లెక్క మీదే తేలుతుంది.